కోడి కనిపిస్తేనే వార్నిష్

బొటనవేలంత సీసపు బొమ్మ సైనికుడికి రంగుతో కళ్ళు పెట్టడం నాకు ముప్పై ఏళ్ళుగా రాలేదు, ఇక రాదు కూడా. ఒక కన్ను కుదిరితే రెండోది చెవి దగ్గరికి పోతుంది. దాన్ని సరిచేయబోతే మొదటిది చెడుతుంది. అందుకని నా పటాలాల్లో ఎవరికీ కళ్ళుండవు. టోపీ నీడలో ఉన్నాయని చెప్పుకుంటాను. మా క్లబ్బులో ఆ మాట నమ్మేవాళ్ళెవరూ లేరు గానీ, విని విని అలవాటై ఊరుకుంటున్నారు.

అలాంటి నా దగ్గరికి వెర్నన్ రేనర్ తన ఆఖరి పటాలాన్ని తెచ్చిపెట్టాడు. పాత బిస్కెట్ల డబ్బా, లోపల పాత దూది, దూదిలో సైనికులు. సగం మంది ఎర్రకోట్లతో మెరిసిపోతున్నారు. మిగతా సగం మంది ఇంకా ఉత్త సీసం.

"సగం అయింది. మిగతా సగం నువ్వెయ్యాలి," అన్నాడు నా వంటింట్లో కూర్చుంటూ. అతని భార్య బెరిల్ అతన్ని గుమ్మం దగ్గర దింపి బజారుకి వెళ్ళిపోయింది.

"నాకు కళ్ళు పెట్టడం రాదని నీకు తెలుసుగా."

"నాకు కళ్ళే లేవు. ఇద్దర్లో నువ్వే నయం."

"నోరీన్‌ని అడగరా. ఆవిడ చెయ్యి బాగుంటుంది."

"నోరీన్ గుర్రాలన్నిటికీ ఒకటే గోధుమరంగు పులుముతుంది. పైగా అవతలి పక్షం. నా పటాలాన్ని తీసుకెళ్ళి శత్రువు చేతిలో పెట్టమంటావా?"

వెర్నన్, నేను ఒకే బడి, ఒకే మేజోళ్ళ మిల్లు. మిల్లు మూసేశాక మిగిలింది గురువారం సాయంత్రం చర్చి హాల్లో క్లబ్బు. పెద్ద బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, రాజు పక్షం, పార్లమెంటు పక్షం అని చెరోవైపూ నిలబడి, మూడున్నర శతాబ్దాలు దాటిన ఇంగ్లండు అంతర్యుద్ధాన్ని పాచికలతో మళ్ళీ మళ్ళీ చేస్తాం. ఎన్నిసార్లు చేసినా ఎవరి కోపమూ తీరలేదు. మా అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు వెర్నన్. ఒక్క కోటులో మూడు ఎరుపులు చూపించేవాడు, మడతలో ఒకటి, భుజం మీద ఒకటి, అంచున ఒకటి. మాలో చాలామందికి బ్రష్ పట్టుకోవడం నేర్పింది అతనే.

ఏడాది కిందట అతని రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్య మచ్చ మొదలైంది. అంచుల్లో కనిపిస్తుంది, ఎదురుగా కనిపించదు. మనిషిని చూడాలంటే కాకిలా తల పక్కకి తిప్పాలి. ఆసుపత్రిలో కంట్లోకే సూది పొడుస్తున్నారు. దానివల్ల మచ్చ పెరగడం నెమ్మదిస్తుందట, ఆగదట.

"ఈస్టర్ తర్వాత పెద్దాట ఉందిగా," అన్నాడు. "అప్పటికి ఈ పటాలం బల్ల మీద నిలబడాలి. నేను చూడాలి. అంతే నాక్కావలసింది. చూపు ఎన్నాళ్ళుంటుందో డాక్టరు చెప్పట్లేదు."

రంగు పడని బొమ్మ బల్ల ఎక్కకూడదన్నది మా క్లబ్బు కట్టుబాటు. సగం పటాలం పటాలమూ కాదు. అందుకే నా దగ్గరికి రావాల్సి వచ్చింది పాపం.

"ఇంత చేసినా, మొదటి ఆటలోనే పారిపోతారు. తెలుసుగా?" అన్నాను.

"కొత్త రంగు పారిపోకుండా ఎప్పుడుందిలే," అని నవ్వాడు.

ఇది ఒట్టి సామెత కాదు. ఎక్కడి ఆటగాణ్ణి అడిగినా చెబుతాడు. చలికాలమంతా కూర్చుని రంగులు వేసిన పటాలం, మొదటిసారి బల్ల ఎక్కిన రోజున, మొదటి పాచికకే వెన్ను చూపిస్తుంది. పదేళ్ళ నాటి, రంగు రాలిన, తల విరిగి అతికించిన పటాలం మాత్రం గోడలా నిలబడుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు.

సరే, మొదలుపెట్టాను. నాకప్పటికే ఓపిక లేదు. మోకాళ్ళ నొప్పులు, చలి, ఒంటరి వంట. వంటింటి బల్ల మీద దీపం, భూతద్దం, రంగుల సీసాలు, టీ కప్పు పెట్టుకున్నాను. రంగునీళ్ళ కప్పేదో టీ కప్పేదో తెలియక రెండుసార్లు బ్రష్‌ని టీలో ముంచాను, ఒకసారి రంగునీళ్ళు తాగాను కూడా.

ఇంకొకరి చేతిని అనుకరించడం ఎంత నరకమో నాకంతకు ముందు తెలియదు. నా బొమ్మలు నా ఇష్టం, ఎలా ఉన్నా నావే. ఇక్కడ వెర్నన్ వేసిన వాడి పక్కన నేను వేసిన వాణ్ణి నిలబెట్టాలి. మొదటి నలుగురినీ పూర్తి చేసి పట్టుకెళ్ళాను. అతను ఒకణ్ణి వేళ్ళ మధ్య పట్టుకుని, కిటికీ వైపు తల వాల్చి, కంటి చివరి నుంచి చాలాసేపు చూశాడు.

"ఇది కోటా, టమాటా సాసా?"

"ఎరుపేగా."

"ఎరుపు పూసేస్తే ఎరుపవదురా. కింద మట్టిరంగు వెయ్యి. అది ఆరాక ఎరుపు. ఆ పైన మడతల మీద కాస్త నారింజ, బ్రష్ దాదాపు పొడిగా ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"చెప్పేవాడికి చేసేవాడు లోకువ," అని గొణిగి నలుగురినీ తిరిగి తెచ్చుకున్నాను. స్పిరిట్లో నానబెట్టి, పాత పళ్ళబ్రష్‌తో రుద్ది, మళ్ళీ ఉత్త సీసం చేశాను. రెండు వారాల పని మురిక్కాలవలో కలిసిపోయింది. ఆ రోజు నిజంగానే డబ్బా తీసుకెళ్ళి అతని గుమ్మంలో పెట్టేసి వద్దామనుకున్నాను. కోటు కూడా వేసుకున్నాను. బయట వాన పడుతోంది. కోటు విప్పేసి మళ్ళీ కూర్చున్నాను.

ఆ వారం చివర్లో ఒక సాయంత్రం, ఎందుకో నాకే తెలియదు, ఎరుపు కుదిరింది. ఒక బల్లెంవాడి భుజం మీద నారింజ సరిగ్గా ఆగాల్సిన చోటే ఆగింది. వెర్నన్ వేసిన వాడి పక్కన పెట్టి చూశాను. అన్నదమ్ములు కాకపోయినా ఒకే ఊరివాళ్ళన్నట్టున్నారు. నాకు చెప్పలేనంత సంతోషమైంది. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు, అందుకని ఇంకో టీ పెట్టుకున్నాను.

ఆ టీయే కొంప ముంచింది. బొమ్మ కింది బిళ్ళలకి నేల చెయ్యాలి కదా. జిగురు రాసి, ఇసుక చల్లి, రంగు వేసి, గడ్డిపొడి అంటించాలి. ఇసుక ఒక్కటే అయితే ఎడారిలా ఉంది. చిత్తడి నేలలా కనిపించాలని వాడేసిన టీ ఆకు కలిపాను. ఆరబెట్టాననే అనుకున్నాను. గురువారం క్లబ్బుకి తీసుకెళ్ళి డబ్బా మూత తీసేసరికి, సైనికుల కాళ్ళ దగ్గరంతా బూడిదరంగు బూజు, బొచ్చులా లేచి ఉంది.

నోరీన్ తొంగిచూసింది. ఆవిడ రిటైరయ్యేదాకా బస్సు నడిపింది, గొంతు ఇప్పటికీ ఆఖరి సీటుదాకా వినిపిస్తుంది. "ఏం డెస్, మీవాళ్ళు బొచ్చు చెప్పులేసుకుని యుద్ధానికి వస్తున్నారా?"

హాలంతా నవ్వింది. వెర్నన్‌కి ఏమీ కనిపించలేదు. పక్కవాడు చెప్పాక అందరికంటే ఎక్కువ అతనే నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి ఒక్కొక్క బిళ్ళనీ చాకుతో గీకి, తోట మట్టిని ఓవెన్లో వేయించి, మళ్ళీ మొదలుపెట్టాను. వేయించిన మట్టి వాసన వారం రోజులు నా రొట్టెల్లోకి ఎక్కింది.

ఫిబ్రవరి చివరికి బొమ్మలన్నీ పూర్తయ్యాయి. నా వాళ్ళకి కళ్ళు లేవు. వెర్నన్ దానికీ దారి చెప్పాడు.

"చూపున్నవాళ్ళని ముందు వరసలో పెడదాం. గుడ్డివాళ్ళు వెనకాల ఉంటారు, నాలాగా."

ఇక మిగిలింది వార్నిష్. ఆట ఆడితే చేతులు తగులుతాయి, రంగు పోకుండా పైన ఒక పూత కొట్టాలి. అది మాత్రం తనే కొడతానన్నాడు. ఎవరి పటాలానికి వాళ్ళే ఆఖరి పూత కొట్టుకోవడం మా వాళ్ళ పద్ధతి. పైగా డబ్బా ఊపి స్ప్రే చేయడానికి అంత చూపు అక్కర్లేదు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇక నా వల్ల కాదు, తీసుకుపోరా నాయనా అని డబ్బా అప్పగించి వచ్చి రెండు రోజులు నిద్రపోయాను.

స్ప్రే వార్నిష్‌కి ఒక జబ్బుంది. గాలిలో తేమ ఉన్న రోజున కొడితే బొమ్మ మీద తెల్లగా పొగ కమ్ముతుంది. కింది రంగంతా దాని వెనక్కి పోతుంది. ఈ సంగతి మాకందరికీ చెప్పిందే వెర్నన్. అతనికో గుర్తు కూడా ఉంది. వాళ్ళ గరాజ్ తలుపు దగ్గర నిలబడితే చర్చి శిఖరం మీద రేకు కోడి కనిపిస్తుంది, గాలి ఎటు వీస్తే అటు తిరిగేది. "కోడి కనిపిస్తే కొట్టు, కనిపించకపోతే డబ్బా ముట్టుకోకు," అని కొత్తగా చేరినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు.

మూడో రోజున బెరిల్ ఫోన్ చేసింది.

"డెస్, నువ్వొకసారి రాగలవా? ఆయన పొద్దున్నించీ గరాజ్‌లోనే కూర్చున్నాడు. అన్నానికి రమ్మంటే రాడు, మాట్లాడమంటే మాట్లాడడు."

ట్రెంట్ నది వైపు నుంచి వచ్చిన పొగమంచు ఇంకా కదల్లేదు. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళాను. గరాజ్‌లో వెర్నన్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో చెక్క, చెక్క మీద పటాలం.

"పోయాయిరా," అన్నాడు.

"ఏం పోయాయి?"

"కళ్ళు. నిన్న ఎరుపు తెలిసింది నాకు. పొద్దున్న వార్నిష్ కొట్టాను, ఆరాక పక్కనించి చూశాను. ఎరుపు లేదు. ఎటు తిప్పినా లేదు. ఇన్నాళ్ళూ మొహాలు తెలియకపోయినా రంగు తెలిసేది, డెస్. ఈస్టర్ దాకా కూడా ఆగలేదు."

చెక్క అందుకుని తలుపు దగ్గరికి తెచ్చి చూశాను. ముందు వరసా వెనక వరసా, ఒక్కణ్ణీ వదలకుండా, అందరి మీదా పిండి చల్లినట్టు తెల్లటి పొగ. మూడు ఎరుపులు లేవు, ఒక్క ఎరుపూ లేదు. వెర్నన్ చేతుల్లోంచి వచ్చిన ఆఖరి బొమ్మలు అవి. ఇక అతను ఇంకో బొమ్మ వేయలేడు.

నీ చేతులతో నువ్వే పాడుచేశావని చెప్పాలి, లేదా నీ కళ్ళు పోయాయనే అనుకోనివ్వాలి. ఏది చెప్పినా గొంతు కోసినట్టే అనిపించింది. అంతలో నాకు కోపమొచ్చింది. నా చలికాలం, నా మోకాళ్ళు, నా వేయించిన మట్టి, అన్నీ గుర్తొచ్చాయి.

"ఒరేయ్ దద్దమ్మా, కళ్ళు కాదురా. తేమలో కొట్టావు వార్నిష్."

"ఏంటీ?"

"బయట పొగమంచు. రోడ్డు అవతల ఏమీ లేదు. కోడి దాకా ఎందుకు, అసలు చర్చే లేదు. ఊరందరికీ పాఠాలు చెప్పి నువ్వెలా కొట్టావురా?"

అతను తల పక్కకి తిప్పి నన్ను వెతుక్కున్నాడు. "కోడి కనిపించక నాకు ఏడాదయింది. మంచుందో లేదో నాకేం తెలుసు? నాకు రోజూ ఒకటేగా." నెమ్మదిగా అడిగాడు. "అయితే, డెస్. నీక్కూడా అవి తెల్లగా కనిపిస్తున్నాయా?"

"సున్నం కొట్టినట్టున్నాయి."

"ఒట్టు?"

"ఒట్టు."

"జాలిపడి చెప్పట్లేదు కదా?"

"జాలా? నీ పీక పిసకాలనుంది నాకు."

వెర్నన్ నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. "బెరిల్, పాడుచేశానే," అని లోపలికి వినిపించేలా కేకేశాడు. "నేనే పాడుచేశాను. మొత్తం తగలేశాను." తన చేతి పనంతా నాశనమైందని అంత సంబరపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. టీ పట్టుకొచ్చిన బెరిల్ మా ఇద్దరినీ చూసి, ట్రే బల్ల మీద పెట్టి, మీ ఇద్దరికీ మతిపోయిందని చెప్పి వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక కళ్ళు తుడుచుకోవడం చూశాను.

తెల్లపొగకి విరుగుడు ఒకటి ఉంది, పనిచేస్తే చేస్తుంది, లేకపోతే లేదు. ఆలివ్ నూనె. బెరిల్ వంటింట్లోంచి సీసా తెచ్చుకుని, పాత బ్రష్‌తో రాసి, మెత్తని గుడ్డతో తుడిచాను. మొదటివాడి భుజం మీద ఎరుపు కొంచెం కొంచెంగా పైకి తేలింది. వెర్నన్ చేతిలో పెట్టాను. కంటి చివర పట్టి చూసి, "ఎరుపు," అన్నాడు.

ఆ వారమంతా సాయంత్రాలు అదే పని. వేళ్ళతో తడిమి అతను నూనె పెట్టేవాడు, నేను తుడిచేవాణ్ణి. మా చొక్కాలు సలాడ్ వాసన కొట్టేవి. అందరూ బాగుపడలేదు. నా గుడ్డివాళ్ళలో ఇద్దరికి ఆ తెలుపు పోనేలేదు, వాళ్ళని చివరికి నెట్టాం. మార్చిలో ఒక పొడి రోజున మళ్ళీ పూత కొట్టడానికి గరాజ్ తలుపు తీశాం. డబ్బా ఊపుతూ అడిగాడు.

"కోడి ఉందా?"

"ఉంది. తోకతో సహా కనిపిస్తోంది."

"ఇకనించి నువ్వే చూసి చెప్పాలి. ఉంటే ఉందను, లేకపోతే లేదను. నా మొహం చూసి మాట మార్చావంటే మాత్రం ఊరుకోను."

"ఈ ఉద్యోగం కూడా నాకేనా," అన్నాను. కానీ సరేనన్నాను.

ఈస్టర్ తర్వాతి శనివారం. చర్చి హాల్లో పెద్ద బల్ల, ట్యూబులైట్లు, బెరిల్ చేసిన గుడ్డు సాండ్‌విచ్‌లు. పటాలాన్ని వెర్నన్ చేతులతోనే బల్ల మీద పెట్టించాను, ఎదుట చూపున్నవాళ్ళు, వెనకాల గుడ్డివాళ్ళు. జనం వచ్చి వంగి చూశారు. నావి ఏవో అతనివి ఏవో పోల్చలేకపోతున్నామని ఒకరిద్దరు అన్నారు. అబద్ధమే, కానీ వినడానికి బాగుంది. వెర్నన్ బల్లకి దగ్గరగా వంగాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

గంటకల్లా నోరీన్ తన గోధుమరంగు గుర్రాలని మా పటాలం మీదికి తోలింది. నిలబడతారో పారిపోతారో తేల్చడానికి పాచిక వెయ్యాలి. మూడు దాటితే నిలబడతారు.

వెర్నన్ పాచికని గుప్పిట్లో చాలాసేపు ఆడించి వేశాడు. అది బల్ల మీద దొర్లి చెట్టుబొమ్మ పక్కన ఆగింది. అతను ఆ వైపు చూడలేదు, నా వైపు చెవి పెట్టాడు.

"ఎంత?"

ఒకటి. నోరీన్ నా మొహంలోకి చూసింది. పావు అంగుళం కోసం గంటసేపు పోట్లాడే మనిషి, గొంతు బయటికి రాకుండా పెదవులతోనే, ఐదని చెప్పు, అంది. ఐదని చెప్పడం ఎంతసేపు? చలికాలమంతా ఈ ఒక్క రోజు కోసమే కదా.

"ఒకటి," అన్నాను.

వెర్నన్ పెద్దగా నవ్వాడు, కుర్చీ చేతిని అరచేత్తో చరిచాడు. "చూశారా, కొత్త రంగు. ఐదో ఆరో అని చెప్పి ఉంటే, నువ్వూ మిగతావాళ్ళలాగే జాలిపడుతున్నావనుకునేవాణ్ణి." నవ్వు ఆగాక నా చొక్కా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, నాకు మాత్రమే వినిపించేలా అడిగాడు. "ఇప్పుడు ఇది చెప్పు. కోట్లు మళ్ళీ తెల్లగా ఉన్నాయి. పొద్దున్నించీ చూస్తున్నాను. నూనె చాల్లేదా?"

బల్ల వైపు చూశాను. ట్యూబులైట్ల కింద ముందు వరస కోట్లు నిగనిగలాడుతున్నాయి. మడతలో ఒక ఎరుపు, భుజం మీద ఒకటి, అంచున ఒకటి. అంత బాగా అవి ముందెప్పుడూ కనిపించలేదు నాకు.

"నూనె సరిపోయింది, వెర్నన్," అన్నాను. "ఎర్రగానే ఉన్నాయి."

అతను నా చెయ్యి వదల్లేదు. "కోడి ఉందన్నమాట. ఈసారి మంచు కాదు."

"ఉంది."

తల ఊపాడు. తర్వాత అందరికీ వినిపించేలా అన్నాడు. "సరే, పారిపోయేవాళ్ళని వెనక్కి జరుపు. ఆరంగుళాలు. కొలిచి జరుపు, నోరీన్ చూస్తోంది."

టేపు బల్ల మీద పరిచాను. అంకెలు నాకూ మసకబారాయి. నోరీన్ వంగి, ఆరు దగ్గర వేలు పెట్టి చూపించింది. ఒక్కొక్కణ్ణే ఎత్తి వెనక్కి పెట్టాను.